కంప్యూటర్ పండుగ రోజు రాళ్ల గదిలో

పోయిన ఎండాకాలం నేను ఒక కంప్యూటర్‌ను చూసి కుళ్లుకున్నాను. అది కొత్తదైనా కాదు. నలభై ఏళ్ల కిందట ఇళ్లలోకి, బడుల్లోకి వచ్చిన రకం. కీబోర్డే దాని ఒళ్లంతా. తెర కావాలంటే టీవీకి తగిలించాలి. ప్రోగ్రాం కావాలంటే టేప్ రికార్డర్‌లో క్యాసెట్టు పెట్టాలి. అట్లాంటి ముసలి ప్లాస్టిక్ పెట్టె మీద, మనవళ్లను ఎత్తుకున్న మనిషికి అసూయ ఏమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి. కానీ మ్యూజియం ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుంటే మంచిది. వస్తువుల్ని చెద తింటుంది, చెమ్మ తింటుంది. వాటిని కాచే మనిషిని అసూయ తింటుంది. మొదటి రెంటికీ మందులు ఉన్నాయి. మూడోదాని గురించి ఏ కోర్సులోనూ చెప్పరు.

నేను బళ్లారిలో ఒక ట్రస్టు నడిపే చిన్న మ్యూజియంలో చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరయ్యాను. ఇల్లు సత్యనారాయణపేట. మా తాతల నాటి నుంచి ఇదే ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, సంతలో ఆ రెంటితో పాటు ఉర్దూ. మ్యూజియంలో నాకు అప్పగించింది రాళ్ల గది. సంగనకల్లు కొండ మీద, దాని చుట్టుపక్కల వేల ఏళ్ల కిందటి మనుషులు వాడిన రాతి గొడ్డళ్లు, తిరగలి రాళ్లు, కుండ పెంకులు. ముందు గది అదే. గేటు దాటి మెట్లెక్కితే మొదట కనబడేది నా గదే. ఆ సంగతి నాకు చాలా గొప్పగా ఉండేది.

జనం ఎందుకు వస్తారు

జనం చరిత్ర కోసం వస్తారని మీరు అనుకుంటే, మొదటి వారంలోనే గుండె పగులుతుంది. మా మ్యూజియంకు జనం ఎక్కువగా ఫ్యాను కోసం వచ్చేవాళ్లు. పక్కనే బస్టాపు ఉంది. బళ్లారి ఎండ మీకు తెలుసు. కురుగోడు బస్సు ఆలస్యమైతే నా గది నిండేది. ఒకరోజు ఒక పెద్దాయన గొడ్డళ్లున్న అద్దాల బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు. నాకు ఆనందం పట్టలేక దగ్గరికి పోయి, "ఏమన్నా వివరం చెప్పాలా అప్పా?" అన్నాను.

"అద్దంలో తల దువ్వుకుంటాండా సార్" అన్నాడు.

మా పక్క గదిలో పాళెగాళ్ల కాలం కత్తులు, బల్లేలు ఉండేవి. వచ్చినవాళ్లు నా గదిని నడవాలాగా దాటి కత్తుల దగ్గరికి పరుగెత్తేవాళ్లు. ఆ గది చూసుకునే మనిషి నాకు మంచి స్నేహితుడు. అయినా సాయంత్రం అతను "ఈ రోజు బాగా వచ్చినారప్పా" అంటే నాకు టీ చేదెక్కేది. నా గొడ్డలి రాయి ఆ కత్తి కంటే ఎన్నో వేల ఏళ్లు పెద్దది. దాన్ని ఒక మనిషి ఎన్నాళ్లో బండ మీద అరగదీసి నున్నగా చేశాడు. కానీ అది మెరవదు. దానికో రాజు పేరు లేదు. రాజు పేరు లేని వస్తువును కాచేవాడికి చప్పట్లు రావు.

శేషగిరి రావు గారు

మా పెద్దాయన శేషగిరి రావు గారు. మ్యూజియంను ఆయనే నిలబెట్టారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న వాటిలో మొదటిది "తెలియదు" అని చెప్పడం. ఒకసారి ఒక ధనవంతుడు కారులో గుండ్రాయి ఒకటి తెచ్చి, ఇది కోట మీది నుంచి పేల్చిన ఫిరంగి గుండు, అట్లా రాసి తన పేరుతో పెట్టమన్నాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది ఏమిటో నాకు తెలియదు. తెలియనిదాని మీద ఎవరి పేరూ రాయను" అన్నారు. ఆ మనిషి మళ్లీ రాలేదు, అతను ఇస్తానన్న కొత్త బీరువాలూ రాలేదు. నాకు ఆ రోజు కోపం వచ్చింది. ఇప్పుడు రాదు.

అట్లాంటి మనిషి కూడా తప్పు చేశారు. ఆయనకు శుభ్రత పిచ్చి. ఒక ఏడాది ట్రస్టు వార్షికోత్సవానికి ముందు తిరగలి రాళ్లన్నిటినీ సబ్బు నీళ్లు, బ్రష్షు పెట్టి రుద్దించారు. రాళ్లు పెళ్లికొడుకుల్లా తయారయ్యాయి. కొన్నేళ్ల తర్వాత పుణె నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. ఆ రాళ్ల సందుల్లో ఆనాటి గింజల పిండి ఆనవాళ్లు దొరుకుతాయని, వాటిని వెతకడానికే వచ్చానని చెప్పింది. మా రాళ్లను చూసి, "వీటిని కడిగారా?" అంది. శేషగిరి రావు గారు కుర్చీలో కూర్చుండిపోయారు.

మెట్ల కింద చీపుళ్ల పక్కన ఒక పగిలిన తిరగలి ముక్క ఉండేది. బీరువాకు పనికిరాదని ఎవరూ కడగలేదు. ఆమె దాన్ని పట్టుకుపోయింది. దాని మీద ఉలవల ఆనవాళ్లు దొరికాయని తర్వాత తెలిసింది. ఆమెకు పెద్ద పేరు వచ్చింది. ఏళ్ల తరబడి రోజూ ఆ ముక్కను దాటుకుంటూ నడిచినవాణ్ణి నేను. ఆమె ఒక్క రోజులో దాన్ని చూసింది. చాలాకాలం వరకు ఉలవచారు నాకు సహించలేదంటే నమ్మండి.

నా మొహం చూసి పెద్దాయన ఒకరోజు అన్నారు: "నోడప్పా, చూడు ఈరన్నా, మన పని కాయడం. పొలం కాసేవాడు పంట నాది అనుకుంటే రాత్రీ పగలూ ఏడుపే."

మాట బాగుంది. కానీ చెప్పినంత తేలిక కాదు. నన్నడిగితే, కొత్తగా చేరినవాళ్లకు రెండు మాటలు చెబుతాను. ఏ వస్తువునూ తొందరపడి కడగవద్దు. మీ లోపల అసూయ ఉంటే అది లేనట్టు నటించవద్దు. కడిగేసిన రాయి, నటించే మనిషి, రెండూ ఎవరికీ పనికిరావు.

హిమబిందు

నేను రిటైరయ్యే ముందు ఏడాది నా కింద ఒక అమ్మాయిని వేశారు. పేరు హిమబిందు. వాళ్లది కురుగోడు దగ్గర క్యాంపు. తుంగభద్ర కాలువ వచ్చినప్పుడు కోస్తా నుంచి వచ్చి వరి పండించుకుంటున్న రైతుల ఊళ్లను మా వైపు క్యాంపులంటారు. మైసూరులో మ్యూజియం చదువు చదివి వచ్చింది. మాటకు ముందు "సార్", మాట చివర "అండీ". మర్యాదలో ఎక్కడా లోటు లేదు. అదే నాకు ఇంకా ఇబ్బంది. తిట్టడానికి సందు దొరికేది కాదు.

మొదటి రోజు నా గది అంతా తిరిగి చూసి, "సార్, కూర్చోవడానికి ఒక్క కుర్చీ కూడా లేదేంటండీ?" అంది.

"కుర్చీ యేస్తే ఈడే నిద్రపోతారమ్మా."

"పోనివ్వండి సార్. లేచాక చూస్తారు కదా."

మర్నాడు తనే రెండు బెంచీలు వేయించింది. నేను ఊహించినట్టే కొందరు నిద్రపోయారు. వాళ్లలో కొందరు, నేను ఊహించనట్టు, లేచి రాళ్లు చూశారు. నేను ఆమెతో ఆ మాట అనలేదు.

రిటైరైన తర్వాత కూడా నెలకోసారి అటువైపు పోయేవాణ్ణి. ఒకసారి పోతే ఆఫీసు బల్ల మీద ఆ కంప్యూటర్ ఉంది. గనుల్లో ఇంజినీరుగా పనిచేసి పోయిన ఒకాయన భార్య, వసుంధరమ్మ గారు, ఇల్లు సర్దుతూ ఇచ్చారట. టేప్ రికార్డరు, క్యాసెట్లు, చిన్న టీవీతో సహా అన్నీ అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి.

"ఈ రకం వచ్చి నలభై ఏళ్లయింది, దీని పుట్టినరోజు చేద్దామనుకుంటున్నాం సార్. బయట దేశాల్లో మ్యూజియాలు చేస్తున్నాయి. మన ఊళ్లో కూడా దీని మీద నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారండీ."

"రాళ్లకు పుట్టినరోజు చేసినారా ఎప్పుడన్నా?" అన్నాను. నవ్వుతున్నట్టే అన్నాను.

ఆమె కూడా నవ్వింది. "రాళ్ల పుట్టినరోజు మీరు చెబితే చేద్దాం సార్."

తెలియదని చెప్పడం నేర్పిన గురువు శిష్యుణ్ణి కదా, తెలియదనే చెప్పి ఇంటికి వచ్చాను.

పండుగ

ఆదివారం పెట్టారు. నేను పోకూడదనే అనుకున్నాను. నా భార్య నాగరత్న, "పిలిచినప్పుడు పోకుంటే, కుళ్లుకుంటాండావని వాళ్లకు తెల్సిపోతాది" అంది. ఆమెకు అప్పటికే తెలుసు మరి. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను.

గేటు బయట బైకులు పెట్టడానికి చోటు లేదు. నా ఉద్యోగం మొత్తంలో ఆ గేటు ముందు అన్ని బండ్లు చూడలేదు. జనం నా గదిలోంచి దాటి లోపలి హాలుకు పోతున్నారు. మళ్లీ నడవా! హాలు మధ్యలో బల్ల, దాని మీద ఆ పెట్టె, చిన్న టీవీ. చుట్టూ నెరిసిన తలలు. బ్యాంకు మేనేజరు, చీరల కొట్టు యజమాని, ఆసుపత్రి నర్సమ్మ, అందరూ చిన్నప్పుడు బడిలోనో, ఏ ట్యూషన్‌లోనో దాన్ని తాకినవాళ్లే. వరుసలో నిలబడి ఒక్కొక్కరూ తమ పేరు కొడుతున్నారు. రెండే లైన్ల ప్రోగ్రాం. మొదటి లైను పేరు చూపించమంటుంది, రెండోది మళ్లీ మొదటికి పొమ్మంటుంది. అంతే, టీవీ నిండా వాళ్ల పేరు జలపాతంలా జారుతుంది. మీసాలున్న మగవాళ్లు చప్పట్లు కొట్టి నవ్వుతున్నారు.

ఫ్లెక్సీ బోర్డులు ముద్రించే ఖాదర్ బాషా నా చెయ్యి పట్టుకున్నాడు. మా పేటవాడే. "సార్, నేను ముట్టిన మొదటి కంప్యూటర్ ఇదే! ఆ పొద్దు మా అయ్యవారు ఒక్క బటన్ నొక్కనిచ్చినాడు. ఈ పొద్దు ఎన్నైనా నొక్కొచ్చంట!" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు. నా రాళ్లను చూసి ఎవరి కళ్లలోనూ నీళ్లు తిరగలేదు.

అప్పుడే ట్రస్టు అధ్యక్షుడు బసవరాజప్ప గారు నన్ను పక్కకు పిలిచారు. బియ్యం మిల్లు ఆయన. మనసు మంచిది, తొందర ఎక్కువ.

"నోడప్పా ఈరన్నా, జనం ఎట్ల వస్తాండారో. ముందు గది ఈ అమ్మాయికి ఇచ్చేద్దామని ఉండాది. కంప్యూటర్, పాత రేడియోలు, టీవీలు, అన్నీ పెడతాదంట."

"రాళ్లు యాడికి పోవాల?"

"వెనక స్టోరు పక్క రూముకి. కానీ నువ్వు ఒద్దంటే ఒద్దు. ఆ గది నీ చేతి మీద పెరిగింది. సాయంత్రం మీటింగు లోపల ఒక మాట చెప్పు."

వద్దని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలుక మీదే ఉంది. అయినా కారణం వెతుక్కుంటున్నాను. ఈ అమ్మాయికి వస్తువుల మీద జాగ్రత్త లేదు, జనాన్ని ముట్టుకోనిస్తుంది, ఇట్లా అయితే రాళ్లు రెండేళ్లలో మాయమైపోతాయి. ఈ వాదన చక్కగా ఉంది. ఒక్క రుజువు దొరికితే చాలు.

ఇంతలో కరెంటు పోయింది.

టీవీ నల్లబడింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. ఆ రకం కంప్యూటర్‌కు కరెంటు పోతే అన్నీ మరుపే. మళ్లీ క్యాసెట్టు నుంచి ఎక్కించాలి. జనం చేతులతో విసురుకుంటూ గుమ్మం వైపు కదిలారు. నిజం చెబుతున్నాను, నాకు చల్లగా అనిపించింది. అంత ఉక్కలో కూడా.

హిమబిందు చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "సార్, కరెంటు వచ్చేదాకా మీరు కాస్త వీళ్లను పట్టుకోరా? మీరు రాళ్ల గురించి చెబితే ఉంటారండీ."

"ఉంటారా?"

"ఏమో సార్. అడిగి చూద్దాం."

స్టోరులో ఒక ట్రే ఉంది. ఎక్కడ దొరికాయో ఎవరూ రాసి పెట్టని రాళ్లు. ఏ చోటిదో తెలియని రాయి పరిశోధనకు పనికిరాదు, అట్లాగని పారేయలేము. ఆ ట్రే తెచ్చి, వచ్చినవాళ్ల చేతుల్లో పెట్టాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు అద్దం వెనక నుంచి చూపించినవాణ్ణి, ఎట్లా చేశానో నాకే తెలియదు. పక్క హాలు ముందు ఓడిపోకూడదనే పంతం కావచ్చు.

ఖాదర్ బాషా నల్లటి గొడ్డలి రాయిని అరచేతిలో తిప్పుతూ, "మిషన్ లేకుండా ఇంత నున్నగా ఎట్ల చేసినారు సార్?" అన్నాడు.

"ఇసుక, నీళ్లు, పెద్ద బండ. అంతేనప్పా. కొండెక్కి చూడు, రుద్దిన గాడులు ఇంగా ఉండాయి."

"ఎన్నాళ్లు రుద్దినారో!"

"ఎన్నాళ్లో నాకు తెల్దు. పని ఎగ్గొట్టి మాత్రం పోలేదు."

అందరూ నవ్వారు. నర్సమ్మ అంచు మీద వేలు ఆనించి, "ఇంగా వేలు తెగేట్టుంది" అంది. ప్రశ్నలు వచ్చాయి. గుమ్మం దాకా పోయినవాళ్లు వెనక్కి వచ్చారు. నా గది నిండింది. గొంతు దానంతట అదే పెరిగింది. ఇంకా ఒక గంట చెప్పగలనని అనిపిస్తున్నప్పుడు ఫ్యాన్లు తిరిగాయి.

పక్క హాలులో క్యాసెట్టు కీచుమంది. అంతే! రాళ్లను ఎక్కడివక్కడ వదిలేసి అందరూ పరుగు. బెంచీ మీద ఒకటి, కిటికీలో ఒకటి. ఒక రాతి మీద ఎవరో టీ కప్పు పెట్టి పోయారు. క్షణం కిందట నాకోసం నోరు తెరిచి విన్న మనుషులు! కప్పు తీసి, ఆ రాయిని చొక్కా అంచుతో తుడిచాను.

అప్పుడు హిమబిందు వచ్చింది. అవతల తన పండుగ మళ్లీ ఊపందుకుంటోంది, ఈవిడ వంగి బెంచీల కింద రాళ్లు ఏరుతోంది. ట్రేలో సర్దింది. మళ్లీ మళ్లీ చూసింది.

"సార్, ఆ నల్లది లేదు."

దొరికింది రుజువు, అనుకున్నాను. పోయింది రాయి. ఇక బసవరాజప్ప గారితో ఏం చెప్పాలో నాకు తెలుసు. అయినా పెద్దరికం నటిస్తూ, "పోనీలేమ్మా. నంబరు కూడా లేని రాయి. కాయితాల్లో లేదు" అన్నాను.

ఆమె నా వైపు విచిత్రంగా చూసింది. నేరుగా హాలులోకి పోయి, బ్యాంకు మేనేజరు తన పేరు సగం కొట్టి ఉండగా, టీవీ ఆపేసింది. జనం గోల చేశారు.

"క్షమించండి. ఒక రాయి కనబడటం లేదు. అది దొరికేదాకా ఇది నడవదు."

"రాయే కదమ్మా" అని ఎవరో అన్నారు.

"ఈ గదిలోదైతే ఒకటి, ఆ గదిలోదైతే ఒకటి కాదండీ. ఏది పోయినా నా చేతిలోంచి పోయినట్టే. దయచేసి చూడండి."

బసవరాజప్ప గారి మొహం ముడుచుకుంది. అంతమంది పెద్దమనుషుల ముందు ఆట ఆపేయడం ఆయనకు నచ్చలేదు. ఆమె జంకలేదు. జనం కాళ్ల కిందా, కుర్చీల కిందా వెతకసాగారు. ఉన్నట్టుండి ఖాదర్ బాషా ప్యాంటు జేబు తడుముకుని, "యా అల్లా!" అని అరిచాడు. రాయి జేబులోంచి తీశాడు. "టీవీ శబ్దం యినపడగానే యేసుకున్న్యానేమో సార్... చేతిలో బాగుండె, కింద పెట్ట బుద్ధి కాల్యా." మొహం ఎర్రబడింది. హాలంతా నవ్వింది. హిమబిందు నవ్వలేదు. రాయిని రెండు చేతులతో అందుకుని, తెచ్చి నా ట్రేలో పెట్టి, అప్పుడు పోయి టీవీ వేసింది.

నేను చెప్పిన మాట

ఇక్కడ నా అసూయ కరిగిపోయిందని రాస్తే బాగుంటుంది. కరగలేదు. ఇంకా పెరిగింది. అంతవరకు ఆమెకు జనం వస్తారు, నాకు జాగ్రత్త ఉంది అని ఒక చిన్న ఊరట ఉండేది. ఇప్పుడు అది కూడా పోయింది. ఆ జాగ్రత్త ఆమెలో నాకంటే ఎక్కువే ఉంది. పోనీలే అన్నది నేను.

సాయంత్రం బసవరాజప్ప గారు అడిగారు. "ఏమంటావప్పా? ఆ పొగరు చూస్తివి కదా. నాకే అనుమానం పట్టింది ఇప్పుడు."

తలుపు తెరిచి పెట్టారు. నేను ఒక్క అడుగు వేస్తే చాలు. కానీ ఆమె మీద చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట కూడా మిగలలేదు, నా కడుపుమంట తప్ప. కడుపుమంటను సలహా అని ఎట్లా అమ్మాలి?

"ముందు గది ఆయమ్మకే ఇయ్యండి" అన్నాను. "రాళ్లు పెట్టే వెనక రూము తాళం కూడా ఆయమ్మకే ఇయ్యండి."

"నీకు బాధ కాదా?"

"అయితాది. దానికేం చేస్తాం."

ఇంటికి వచ్చాక నాగరత్న అడిగింది, ఎట్లా జరిగిందని. చాలా బాగా జరిగిందన్నాను. ఆమె అన్నం పెట్టింది.

రాళ్లు వెనక గదికి మారాయి. మార్చేటప్పుడు నేను పోలేదు, పోవాలనిపించలేదు. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చే మీకు నేను చెప్పేది ఇంతే. మీకంటే బాగా చేసేవాళ్లు వస్తారు. మీ గదిలోనే, మీ కళ్ల ముందే చేస్తారు. మీకు మండుతుంది. మండనివ్వండి. మండుతున్నప్పుడు మాత్రం ఎవరి గురించీ తీర్పు చెప్పవద్దు. చెప్పక తప్పకపోతే, చేతిలో ఉన్న రుజువేమిటో ఒకసారి చూసుకోండి.

కొన్నాళ్లకు హిమబిందు ఫోను చేసింది.

"సార్, ఆదివారాలు ఒక గంట వచ్చి వెనక గదిలో రాళ్లు చేతికిచ్చి చూపిస్తారా?"

నా గుండె ఎగిరింది. "ఎవరన్నా అడుగుతాండారామ్మా, నా కోసం?"

ఆమె అవునని ఒక్క అబద్ధం ఆడితే పోయేది. నేను సంతోషంగా నమ్మేసేవాణ్ణి.

"ఎవరూ అడగలేదు సార్," అంది. "నేనే అడుగుతున్నాను."